ఇంజిన్ ఆయిల్: కందెన గొట్టం నుంచి ఏటీవీ దాకా

లోహం మీద లోహం ఒరుసుకునే చోట సన్నని నూనె పొరను నిలబెట్టడం ఇంజిన్ ఆయిల్ మొదటి పని. వేడిని లాగేయడం, మసినీ అరిగిన లోహపు రజనునూ తనలో పట్టి ఉంచడం, తుప్పు పట్టకుండా చూడడం ఆ తర్వాత దాని మీద పడిన బాధ్యతలు. డబ్బా మీద కనిపించే అంకెలూ అక్షరాలూ ఒక్కరోజులో పుట్టినవి కావు. కొత్త రకం ఇంజిన్ కొత్త చిక్కు తెచ్చినప్పుడల్లా ఒక గుర్తు వచ్చి చేరింది. దుమ్ములో, బురదలో, రాళ్ల దారిలో తిరిగే ఏటీవీకి (ఆల్ టెరైన్ వెహికల్) ఆయిల్ ఎంచుకోవాలంటే ఆ గుర్తులన్నీ చదవాల్సిందే.

హైదరాబాద్‌లోని నల్లగండ్ల చుట్టుపక్కల అపార్టుమెంట్లు లేవకముందు, తెలంగాణ పల్లెలన్నింటిలోలాగే ఇక్కడా ఎడ్లబండిదే రాజ్యం. బండి ఇరుసుకు పూసేది కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవారు. చక్రం కీచుమంటే చీల తీసి, చక్రాన్ని పక్కకు లాగి, గుడ్డపీలికతో ఇరుసుకు పట్టించేవారు. ఆముదం చిక్కగా ఉండి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది, త్వరగా జారిపోదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూముల్లో అది పాతకాలం పంట. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో నేటికీ ఆముదం మీద పని జరుగుతోంది.

ఆవిరి యంత్రాల వేడికి జంతువుల కొవ్వులు, గింజల నూనెలు తట్టుకోలేకపోయాయి. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి తవ్వాక ముడిచమురు విరివిగా దొరికింది. దాని నుంచి తీసిన నూనెను జాన్ ఎల్లిస్ 1866లో ఆవిరి యంత్రాల కోసం అమ్మకానికి తెచ్చాడు. అంతటితో ఆముదం పని అయిపోలేదు. 1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన ‘క్యాస్ట్రాల్’ను విడుదల చేసింది. పెట్రోల్‌లో కరగదు కాబట్టి మొదటి ప్రపంచయుద్ధపు రోటరీ విమాన ఇంజిన్లకు ఆముదమే వాడారు. అయితే ఎక్కువ వేడిమీద అది జిగురులా పేరుకుపోతుంది. ఆ లోపం వల్లే కార్ల ఇంజిన్లలో ఖనిజ నూనెలు దాని చోటు తీసుకున్నాయి.

ఎవరికి వారు ‘పలచనిది’, ‘చిక్కనిది’ అంటుంటే కొనేవాడికి తికమక. అందుకే అమెరికాలోని ఎస్‌ఏఈ సంస్థ 1911లో చిక్కదనానికి అంకెలు పెట్టింది. నేటి లెక్కలో 40 అంకె ఉన్న ఆయిల్ 100 డిగ్రీల వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు చిక్కదనం చూపాలి. 20డబ్ల్యూ-40 లాంటి గుర్తులో ‘డబ్ల్యూ’ ముందున్న అంకె చలిలో ఇంజిన్ స్టార్ట్ కావడానికి సంబంధించింది. 20డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 15 డిగ్రీల కింద పరీక్షిస్తారు. హైదరాబాద్ చలికాలంలో అంత చలి ఊసే ఉండదు. ఇక్కడ ఇంజిన్‌ను పరీక్షించేది 40 డిగ్రీలు దాటే ఎండాకాలం. కాబట్టి మాన్యువల్ ఒప్పుకున్న గ్రేడుల్లో రెండో అంకె 40 గానీ 50 గానీ ఉన్నది ఈ వాతావరణానికి నప్పుతుంది.

చిక్కదనం ఒక్కటే చాలదని తేలాక నాణ్యతకు గుర్తులు వచ్చాయి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోల్ ఇంజిన్ ఆయిళ్లకు ‘ఎస్’తో మొదలయ్యే అక్షరాలు ఇచ్చింది. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ ఆయిల్ కొత్త తరానిది. 2020లో వచ్చిన ఎస్‌పీ ఆ వరుసలోదే.

ఇక ఏటీవీల చరిత్ర. 1970లో హోండా మూడు చక్రాల యూఎస్90తో బజారులోకి వచ్చింది. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాలది తెచ్చింది. బైకుల్లోలాగే చాలా ఏటీవీల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా కోసం కార్ల ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు పెరిగేసరికి ఆ క్లచ్‌లు జారసాగాయి. జపాన్ వాహన పరిశ్రమ 1998లో జాసో ప్రమాణం తెచ్చింది ఇందుకే. నూనెలో తడిసే క్లచ్ ఉన్న బండికి ‘ఎంఏ’ వర్గపు ఆయిల్ కావాలి, ‘ఎంబీ’ పనికిరాదు. బెల్టుతో నడిచే సీవీటీ బండ్లలో బెల్టు పొడిగానే ఉంటుంది కాబట్టి వాటి లెక్క వేరు. కంపెనీ ఏది చెబితే అదే పోయాలి.

ఏటీవీలకు రోడ్డు రిజిస్ట్రేషన్ సాధారణంగా దొరకదు. నల్లగండ్లలో ఉంచుకున్నవారు వాటిని వ్యానులో ఎక్కించి శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు పొలాలకు తీసుకెళ్లాలి. అక్కడ తక్కువ గేరులో, తక్కువ వేగంతో నడిచే ఇంజిన్‌కు గాలి సరిగా తగలదు, వేడి పెరుగుతుంది. ఎర్రమట్టి దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను దాటితే ఆయిల్‌లో చేరి గరుకుగా ఒరిపిడి పెడుతుంది. అందుకే ఇక్కడ ఆయిల్ ఎంపిక ఎంత ముఖ్యమో చూసుకోవడమూ అంతే ముఖ్యం.

చూసే పద్ధతి ఇది. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, డిప్‌స్టిక్ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. కొన్ని మోడళ్లలో మర తిప్పి బిగించాలి, కొన్నింటిలో బిగించకుండా ఆనించాలి. తేడా చేస్తే కొలత తప్పుతుంది. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే నురగ కడుతుంది, కింది గీతకు తక్కువైతే పొర తెగుతుంది. నల్లబడడం మామూలే. పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు, పెట్రోల్ వాసన వస్తే ఇంధనం కలిసినట్టు. రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరుకు తగిలితే మట్టో లోహపు రజనో ఉందన్నమాట. ఈ మూడింటిలో ఏది కనిపించినా కారణం కనుక్కోకుండా కొత్త ఆయిల్ పోసి ఊరుకోకూడదు.

మార్చే గడువును ఏటీవీలకు కిలోమీటర్లలో కన్నా ఇంజిన్ నడిచిన గంటల్లో చెప్పడం ఎక్కువ. కొత్త బండికి మొదటి మార్పు త్వరగా చేయాలి, ఎందుకంటే భాగాలు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రజను ఎక్కువ రాలుతుంది. నీళ్లలోనో దుమ్ములోనో నడిపితే మాన్యువల్ గడువును ఇంకా తగ్గించుకోవాలి. తీసేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని నాలాలో పోస్తే నల్లగండ్ల చెరువులాంటి జలాశయాలకు చేరుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీసు సెంటరుకో, అనుమతి ఉన్న రీసైక్లింగ్ యూనిట్‌కో ఇవ్వాలి.