చౌమహల్లా నుండి సాలార్‌జంగ్ వరకు: రెండు కిలోమీటర్ల చరిత్ర

ఒక నగరపు చరిత్రను తెలుసుకోవడానికి గ్రంథాలు ఎంత అవసరమో, ఆ నగరంలో కాలినడకన తిరగడమూ అంతే అవసరం. గ్రంథంలో రాజు పక్కన రాజు, యుద్ధం పక్కన యుద్ధం వరుసగా ఉంటాయి. వీధిలో అలా ఉండదు. నాలుగు శతాబ్దాలు ఒకే గోడను ఆనుకొని నిలబడి ఉంటాయి. హైదరాబాదు పాతబస్తీలో చౌమహల్లా రాజప్రాసాదం నుండి సాలార్‌జంగ్ మ్యూజియం వరకు సాగే దారి అటువంటిది. దూరం దాదాపు రెండు కిలోమీటర్లు. తీరికగా నడిచినా గంటకు మించదు. ఒక చివర పాలకుని నివాసం, మరో చివర అతని దివాను వంశీయులు పోగుచేసిన కళాసంపద. ఈ రెంటి నడుమ ప్రార్థనాలయం, బజారు, జనం ఉన్నారు. వారసత్వం అంటే ఏమిటి, అది ఎవరి చేతిలో నిలుస్తుంది, ఎవరి చేతిలో కరిగిపోతుంది అనే ప్రశ్నకు ఈ దారి కొంత సమాధానం చెబుతుంది.

నాలుగు మహళ్ళు

చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. అఫ్జల్ మహల్, అఫ్తాబ్ మహల్, మహ్‌తాబ్ మహల్, తహ్నియత్ మహల్ అనేవి ఆ నాలుగు. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ ఈ నిర్మాణాన్ని ఆరంభించాడు. ఐదవ అసఫ్ జా అఫ్జలుద్దౌలా కాలంలో (1857–1869) అది పూర్తయింది. అనగా ఒక్క ప్రాసాదం వెనుక వంద సంవత్సరాల పైబడిన పని ఉన్నది. ఇరానీ పద్ధతి, మొఘల్ పద్ధతి, ఐరోపా పద్ధతి మూడూ ఇందులో కలిసి కనిపించడానికి కారణం ఇదే.

దీని గుండెకాయ ఖిల్వత్ ముబారక్. ఇది దర్బారు మందిరం. పాలరాతి వేదిక మీద తఖ్తె నిషాన్, అనగా గద్దె. పైన బెల్జియం గాజు షాండిలియర్లు. నిజాముల పట్టాభిషేకాలు, బ్రిటిష్ రెసిడెంట్ల దర్బార్లు ఇక్కడే జరిగాయి. అయితే ఒక విషయం గమనించాలి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎక్కువ కాలం పురానీ హవేలీలో నివసించాడు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీని తన నివాసం చేసుకున్నాడు. క్రమంగా చౌమహల్లా నివాసగృహంగా కాక, వేడుకలకు తెరిచే ప్రాసాదంగా మిగిలింది. 1967లో ఏడవ నిజాం మరణించిన తరువాత అతని మనుమడు ముకర్రం జా వారసత్వ స్వీకారం ఇక్కడే జరిగింది. నాలుగేళ్ళకు, 1971లో, రాజ్యాంగ సవరణ ద్వారా రాజభరణాలు రద్దయ్యాయి.

ఒకప్పుడు 45 ఎకరాలని చెప్పే ఈ ఆవరణ నేడు 12–14 ఎకరాలకు కుదించుకుపోయింది. మిగిలినది నిలవడానికి కారణం కుటుంబపు ట్రస్టు చేసిన పునరుద్ధరణ. ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో, వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా మార్గదర్శకత్వంలో పనులు జరిగి, 2005లో ప్రజలకు ద్వారాలు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దీనికి లభించింది.

లాడ్ బజారు, చార్మినార్

చౌమహల్లా నుండి ఉత్తరంగా నడిస్తే మహబూబ్ చౌక్ వస్తుంది. అక్కడి గడియార స్తంభాన్ని 1892లో దివాను అస్మాన్ జా కట్టించాడు. అక్కడి నుండి తూర్పుకు తిరిగితే లాడ్ బజారు. లక్కను కరిగించి, వంచి, వేడి ఆరకముందే అద్దపు రాళ్ళను పొదిగే గాజుల పని ఇక్కడి దుకాణాల వెనుక గదుల్లో నేటికీ సాగుతున్నది. పక్కన ఉన్న ప్రాసాదంలో గద్దె ఖాళీగా ఉన్నది. ఈ వీధిలో మాత్రం పెళ్ళిళ్ళ రోజుల్లో కాలు పెట్టడానికి సందుండదు. రాజాశ్రయం పోయినా పనివాని విద్య పోలేదు. దానికి ఆశ్రయం సామాన్యుల ఇంటి పెళ్ళి.

బజారు చివర చార్మినార్. హిజ్రీ శకం వెయ్యవ సంవత్సరానికి సరిపోయే 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దీనిని కట్టించాడు. కొత్త నగరానికి ఇది నడిబొడ్డు. నగర నిర్మాణ ప్రణాళికలో పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ పాత్ర ముఖ్యమైనది. నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు, పై అంతస్తులో మసీదు. ఈ భవనానికి తలుపులు లేవన్నది గమనార్హం. పాలకుడు తన రాజధాని నడుమ కట్టింది కోట కాదు, నాలుగు వైపులా తెరిచి ఉన్న కమాను.

మక్కా మసీదు

చార్మినార్‌కు నైరుతిగా మక్కా మసీదు. మహమ్మద్ కుతుబ్ షా 1617లో దీనికి పునాది వేశాడు. గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ దీని నిర్మాణాన్ని గూర్చి వ్రాశాడు. ఒక్క పెద్దరాతిని గని నుండి తీయడానికే ఐదారు వందల మంది ఐదేళ్ళు శ్రమించారనీ, దానిని లాగడానికి 1400 ఎద్దులు పట్టాయనీ అతని కథనం. 1687లో గోల్కొండ పతనమై కుతుబ్ షాహీ వంశం ముగిసింది. మసీదు మాత్రం అసంపూర్ణంగా మిగిలిపోలేదు. గోల్కొండను జయించిన ఔరంగజేబే 1694 ప్రాంతంలో దానిని పూర్తి చేయించాడు.

ఇది ఆలోచించదగిన విషయం. ఓడిన వంశపు కోటను గెలిచినవాడు తన కోటగా చేసుకుంటాడు, లేదా పాడుబెడతాడు. మసీదు సంగతి వేరు. అది కట్టించినవానికీ, అతని సంతానానికీ ఆస్తి కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో వక్ఫ్ అనే భావనకు మూలం ఇదే. ఖైబర్‌లో తనకు లభించిన భూమిని హజ్రత్ ఉమర్ అమ్మరాదు, బహూకరించరాదు, వారసులకు పంచరాదు అనే షరతుతో ప్రజల మేలు కోసం వదిలిన వృత్తాంతం హదీసు గ్రంథాల్లో ప్రసిద్ధం. యజమాని లేనిదానికి యుద్ధంలో ఓటమి లేదు.

ఈ మసీదు ఆవరణలోనే రెండవ నిజాం నిజాం అలీ ఖాన్ మొదలు ఆరవ నిజాం వరకు సమాధులున్నాయి. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించిన ముకర్రం జా భౌతికకాయాన్ని చౌమహల్లాలో ప్రజల సందర్శనార్థం ఉంచి, ఇక్కడికే తెచ్చి ఖననం చేశారు. తల్లి వైపున అతడు చివరి ఉస్మానీ ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌కు మనుమడు. రెండు రాజవంశాల వారసుడు ఆ ప్రాసాదం నుండి ఈ ప్రాంగణానికి చేసిన తుది ప్రయాణం, మనం నడుస్తున్న ఈ దారిలోని ఒక చిన్న భాగమే.

పత్తర్‌గట్టీ, దివాన్ దేవిడీ

చార్మినార్ నుండి ఉత్తరంగా చార్‌కమాన్, వాటి నడుమ గుల్జార్ హౌజ్, ఆ తరువాత పత్తర్‌గట్టీ. రాతి కమానులతో వరుసగా నిలిచిన ఈ దుకాణాల బారు కుతుబ్ షాహీ కాలానిది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరంలో వేలాది మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చేపట్టిన పనుల ఫలితం ఇది. సమీపంలోని బాద్షాహీ ఆషూర్‌ఖానాలో ఆ వరద గుర్తు నేటికీ కనిపిస్తుంది. గోడల పైభాగాన కుతుబ్ షాహీల నాటి రంగుపలకలు మెరుస్తుంటే, నీటిలో నానిన కింది భాగంలో పలకలు రాలిపోయి, వాటికి బదులు రంగులతో నమూనా చిత్రించబడి ఉన్నది.

ఇక మ్యూజియానికి చేరువలో దివాన్ దేవిడీ. సాలార్‌జంగ్ వంశీయుల నివాసం ఇదే. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853 నుండి 1883 వరకు దివానుగా రాజ్యపు ఆదాయ వ్యవస్థను, జిల్లాల పాలనను చక్కదిద్దాడు. బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని 1876లో ఇటలీ నుండి తెచ్చింది ఆయనే. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుండి 1914 వరకు దివానుగా ఉండి, పదవి వదిలిన తరువాత శేషజీవితాన్ని కళాఖండాలు, గ్రంథాలు సేకరించడంలోనే గడిపాడు.

1949 మార్చి 2న ఆయన అవివాహితునిగా మరణించాడు. ఇంతటి సంపద పంపకాలలో చెదిరిపోయే ప్రమాదం ఏర్పడింది. నాటి ముఖ్య పాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవతో, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయంతో వస్తువులను క్రమబద్ధం చేసి, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. ప్రారంభించినవారు జవహర్‌లాల్ నెహ్రూ. 1958లో వారసులతో రాజీ కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున నేటి భవనంలోకి మార్చారు.

వస్తువులు తరలిన తరువాత ఆ పాత ఇల్లు నిలవలేదు. అయినాఖానా, చీనీఖానా అని పేరుపొందిన మందిరాలు కూలి, ద్వారం వంటి కొద్ది ఆనవాళ్ళు తప్ప, ఆ చోట అంతా దుకాణాలు వెలిశాయి.

మిగిలిందేమిటి

మ్యూజియంలో జనం గుమిగూడేది సంగీత గడియారం వద్ద. అయితే వ్రాతప్రతుల విభాగం వద్ద కొంతసేపు నిలవడం మేలు. అరబీ, ఫార్సీ, ఉర్దూ గ్రంథాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రఖ్యాత లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ వ్రాసినదిగా చెప్పే ఖుర్ఆన్ ప్రతిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలున్నాయి. బాగ్దాదు లేఖకుని ప్రతి ఢిల్లీ చక్రవర్తుల చేతులు దాటి మూసీ ఒడ్డుకు చేరింది.

ఇప్పుడు దారి మొత్తాన్ని ఒక్కసారి పోల్చి చూద్దాం. దివాను ఇంట వస్తువులు దక్కాయి, ఇల్లు పోయింది. నిజాం ఇంట భవనం దక్కింది, సంపద చెదిరింది. నిజాం ట్రస్టుల 173 ఆభరణాలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి రిజర్వు బ్యాంకు భద్రతలోకి వెళ్ళాయి. 2001లోను, 2006లోను హైదరాబాదు ప్రజలు వాటిని చూడగలిగింది చౌమహల్లాలో కాదు, సాలార్‌జంగ్ మ్యూజియంలో. చట్టం వస్తువులను కాపాడింది గాని ఇంటిని గూర్చి ఆలోచించలేదు. కుటుంబం భవనాన్ని కాపాడింది గాని, అది 2005 దాకా ఆగవలసి వచ్చింది. ఆలోగా ముప్పయి ఎకరాలకు పైగా చేయిజారాయి.

ఈ రెంటి నడుమ మసీదు, బజారు ఎవరి సొత్తూ కాకుండానే నిలిచాయి. రోజూ వాడుకలో ఉన్నందువల్ల నిలిచాయి. శుక్రవారం నాడు చౌమహల్లాకూ మ్యూజియానికీ సెలవు. ఆ మధ్యాహ్నమే మక్కా మసీదు ప్రాంగణం కిక్కిరిసి ఉంటుంది. పరిరక్షణను గూర్చి నిర్ణయాలు చేసేవారు ఈ తేడాను గుర్తించాలి. భవనాన్నీ, అందులోని వస్తువులనూ, చుట్టూ బ్రతికే వృత్తులనూ విడివిడిగా కాపాడబూనితే ఏదో ఒకటి జారిపోతుంది. దివాన్ దేవిడీ విషయంలో ఆ పొరపాటును సరిదిద్దే అవకాశం ఇక లేదు. పాతబస్తీలో ఇంకా నిలిచి ఉన్న దేవిడీల విషయంలో ఉన్నది.