ఆసుపత్రులలో యాంటీబయాటిక్ సద్వినియోగం

బాక్టీరియా వలన కలిగే వ్యాధులకు వాడే యాంటీబయాటిక్ ఔషధాలను అవసరమైన రోగికి మాత్రమే, తగిన మోతాదులో, తగినన్ని రోజులు ఇచ్చే పద్ధతిని '''యాంటీబయాటిక్ సద్వినియోగం''' అంటారు. వైద్య పరిభాషలో దీనిని యాంటీమైక్రోబియల్ స్టీవార్డ్‌షిప్ అని వ్యవహరిస్తారు. రోగికి మేలు చేయడం, మందులకు లొంగని బాక్టీరియా వ్యాప్తిని అరికట్టడం దీని ముఖ్యోద్దేశాలు. ఈ వ్యాసంలో హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, పరిమిత వనరులు గల ఆసుపత్రులలో దీని అమలు గురించి వివరించబడినది.

== నేపథ్యం ==
పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదులో వాడితే బాక్టీరియా దానిని తట్టుకోవడం నేర్చుకుంటుందని 1945లోనే తన నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నేతృత్వం వహించిన కాలంలో, అక్కడ బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ వర్గంలో ఇదే మొదటిది.

ఔషధ నిరోధకత కలిగిన బాక్టీరియా మూలంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది.

== ప్రాంత పరిస్థితి ==
మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురం ప్రాంతాలు విజయవాడ రహదారి వెంట వరుసగా ఉన్నాయి. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. మలక్‌పేట, వనస్థలిపురంలలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్టు స్థలంలో వేయి పడకల ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. వీటితోపాటు ఈ ప్రాంతంలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు, చిన్న నర్సింగ్ హోములు, క్లినిక్కులు, మందుల దుకాణాలు ఉన్నాయి. శిక్షణా కేంద్రాల కోసం జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కువ.

== ఇబ్బందులు ==
వానాకాలంలో జ్వరంతో వచ్చే రోగికి ఉన్నది డెంగీయా, టైఫాయిడా, మామూలు వైరల్ జ్వరమా అన్నది తొలిరోజే తేలడం కష్టం. వైరస్ జ్వరాలకు యాంటీబయాటిక్ పనిచేయదు. టైఫాయిడ్ నిర్ధారణకు విరివిగా వాడే వైడల్ పరీక్ష అంత నమ్మదగినది కాదు. రక్తం కల్చర్ మేలు. కాని కల్చర్ ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. చిన్న ఆసుపత్రికి సొంత మైక్రోబయాలజీ ప్రయోగశాల ఉండదు. పరీక్ష ఖర్చును రోగి తన జేబు నుండే భరించవలసి వస్తే, పరీక్ష మాని నేరుగా బలమైన మందు మొదలుపెట్టడం సులభమనిపిస్తుంది.

అయితే రక్తంలో ఇన్‌ఫెక్షన్ వ్యాపించి, రక్తపోటు పడిపోతున్న రోగికి ఫలితం కోసం ఆగితే ప్రాణాపాయం. అందువలన సద్వినియోగం అంటే మందు ఆపడం కాదు. ఎవరికి వెంటనే ఇవ్వాలి, ఎవరి విషయంలో వేచి చూడవచ్చు అన్న విచక్షణ ఇందులో ప్రధానం.

== తక్కువ ఖర్చుతో చేయదగినవి ==
* మొదటి మోతాదుకు ముందే రక్తం, మూత్రం నమూనాలు తీయడం. సొంత ప్రయోగశాల లేనిచోట వేరే ప్రయోగశాలతో ఒప్పందం చేసుకోవచ్చు.
* ఏ మందు, ఏ కారణంగా, ఎన్ని రోజులకు ఇస్తున్నారో కేసు షీటులో వ్రాయడం.
* 48 నుండి 72 గంటల తరువాత చికిత్సను సమీక్షించి మందును ఆపడం, మార్చడం లేదా కొనసాగించడం.
* రోగి నోటితో తీసుకోగల స్థితికి రాగానే, తగిన సందర్భాలలో, ఇంజెక్షను బదులు మాత్రలు ఇవ్వడం. దీనివలన ఖర్చు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతాయి.
* అనేక శస్త్రచికిత్సలకు కోతకు ముందు ఇచ్చే ఒక్క మోతాదు చాలును. గాయం మానేవరకు రోజుల తరబడి మందు ఇవ్వనవసరం లేదు.
* చేతుల శుభ్రత. ఇన్‌ఫెక్షన్ సోకకుంటే మందు అవసరమే రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలుగా విభజించింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటివి మొదట వాడదగినవి. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, మెరోపెనెం వంటివి జాగ్రత్తగా వాడవలసినవి. కొలిస్టిన్, లినెజోలిడ్ వంటివి చివరి ఆయుధాలుగా దాచుకోవలసినవి. ఈ పట్టికను మందుల గదిలో అంటించి, చివరి వర్గపు మందులకు సీనియర్ వైద్యుని అనుమతి తప్పనిసరి చేయడానికి ప్రత్యేక పరికరాలేవీ అక్కరలేదు.

== చట్టాలు, మార్గదర్శకాలు ==
2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్‌ల అమ్మకాలను మందుల దుకాణాలు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, మూడేళ్ళు భద్రపరచాలి. చీటీ లేనిదే అమ్మరాదు. మందు అట్టపై ఎర్ర గీతను గుర్తించాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. భారత వైద్య పరిశోధనా మండలి 2018లో ఆసుపత్రుల కొరకు సద్వినియోగ మార్గదర్శకాలను వెలువరించింది.

== పర్యావరణం ==
నగరానికి పడమట ఉన్న పటాన్‌చెరులో, ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. కావున ఆసుపత్రులు ఎంత జాగ్రత్త వహించినా, పరిశ్రమల వ్యర్థాల నియంత్రణ కూడా తోడైతేనే ఈ ఔషధాలు రాబోయే తరానికి పనికివస్తాయి.

== ఇవి కూడా చూడండి ==
* యాంటీబయాటిక్
* యల్లాప్రగడ సుబ్బారావు
* టైఫాయిడ్
* దిల్‌సుఖ్‌నగర్