పదో తరగతి పరీక్షల్లో వికలాంగ పిల్లలకు ఏ మినహాయింపులు ఉన్నాయి? ఎప్పుడు అడగాలి?

ఫిబ్రవరి వచ్చిందంటే కాచిగూడ, నారాయణగూడ, చిక్కడపల్లి గల్లీల్లో ప్రతి ఇంట్లో పదో తరగతి మాటే. చూపు తక్కువున్న, చెవులు వినపడని, చేయి సరిగ్గా పనిచేయని, లేదా ఎంత చదివినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలున్న ఇళ్లలో ఆ మాట భయంగా మారుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ఇలాంటి పిల్లలకు మాఫీ ఉంటుందట కదా" అంటారు. నిజమే, ఉంటుంది. కానీ ఫిబ్రవరిలో అడిగితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఏం అడగొచ్చో, ఎప్పుడు అడగాలో ఇక్కడ చూద్దాం.

చట్టం ఏం చెబుతోంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంతకుముందున్న 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21 ఉన్నాయి. డిస్లెక్సియా లాంటి చదువులో వచ్చే ఇబ్బందులు, ఆటిజం, తలసేమియా కూడా ఇందులో చేరాయి.

ఈ చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షల గురించి సూటిగా చెబుతుంది. పరీక్ష రాయడానికి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అంటే స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయడం ప్రభుత్వాల బాధ్యత అని అందులో ఉంది. మన ఎస్సెస్సీ నిబంధనల్లో కూడా వైకల్యం రకాన్ని బట్టి ఇవి ఉన్నాయి. కొన్ని రకాల వైకల్యాలకు పాస్ మార్కులో కూడా సడలింపు ఉంది. ఒక పిల్లవాడికి వచ్చింది ఇంకొకరికి రాకపోవచ్చు. అందుకే పక్కింటివాళ్ల మాట మీద ఆగిపోకండి. మీ పిల్లల వైకల్యానికి ఏమేం వర్తిస్తాయో బోర్డు సూచనల్లో చూపించమని హెడ్మాస్టర్‌ని అడగండి.

అదనపు సమయం

2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపర్‌కు ఒక గంట, గంటన్నర సైన్స్ పేపర్‌కు అరగంట. ఉదయం 9:30కి మొదలైన పరీక్ష 12:30కి బదులు 1:30 దాకా సాగుతుంది. మందులు వేసుకునే పిల్లలుంటే ఆ టైమ్ ముందే లెక్క చూసుకోండి. పరీక్షలు రంజాన్‌లో పడితే, స్క్రైబ్‌గా వచ్చే పిల్లవాడు రోజాతో అంతసేపు కూర్చోగలడా అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

స్క్రైబ్ ఎవరు?

అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది 2018 మార్గదర్శకాల్లోని నియమం. పదో తరగతికైతే తొమ్మిది చదివే పిల్లలన్నమాట. ఇక్కడ ఉర్దూ మీడియం పిల్లలకు అసలు ఇబ్బంది వస్తుంది. ఉర్దూ చక్కగా రాయగలిగే తొమ్మిదో తరగతి పిల్లవాడు కావాలి, పరీక్షలున్న అన్ని రోజులూ రావాలి, అతని అమ్మానాన్న ఒప్పుకోవాలి. ఇదంతా వారం రోజుల్లో అయ్యే పని కాదు. డిసెంబర్‌లోనే మనిషిని చూసుకుని, కనీసం నాలుగైదు పాత పేపర్లు ఇద్దరూ కలిసి రాయాలి. ముఖ్యంగా లెక్కల్లో "బ్రాకెట్, ఎక్స్ స్క్వేర్" అని నోటితో చెప్పి రాయించడం అలవాటు లేకపోతే వచ్చిన లెక్క కూడా తప్పుతుంది.

40 శాతం లేకపోతే?

"మీవాడికి 40 శాతం లేదు, కుదరదు" అనే మాట చాలామంది వింటారు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో నిజంగా ఇబ్బంది ఉన్నవారికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది రాసేటప్పుడు చేతి వేళ్లు బిగుసుకుపోయే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం ఇలాంటివారి కోసం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్ సర్టిఫికెట్ మాత్రం తప్పనిసరి. అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకునే అన్నలు, అక్కలకు కూడా ఈ తీర్పు పనికొస్తుంది.

భాష మినహాయింపు: తొందరపడకండి

ఉర్దూ, తెలుగు, ఇంగ్లీష్ మూడూ ఒకేసారి మోయడం వినికిడి లేని పిల్లలకు, డిస్లెక్సియా ఉన్నవాళ్లకు చాలా బరువు. మినహాయింపు ఉన్నది ఆ బరువు దించడానికే. కానీ ఏ భాష వదలాలో ఆలోచించి తేల్చండి. ఇంటర్‌లో ఇంగ్లీష్ మళ్లీ ఎదురవుతుంది. ఇక్కడ ఉద్యోగం, వ్యాపారం చేయాలంటే తెలుగు కావాలి. పేపర్ నుంచి మినహాయింపు తీసుకున్నా, ఆ భాష ఇంట్లో మాట్లాడటం, చదవడం ఆపకండి. సీబీఎస్ఈలో చదివే వికలాంగ పిల్లలకైతే రెండు భాషలకు బదులు ఒక్కటే చదివే వీలుంది.

కాగితాలు ఎప్పుడు?

అసలు కీలకం ఇక్కడే ఉంది. దసరా తర్వాత స్కూళ్లు పరీక్ష ఫీజు కట్టించుకుని విద్యార్థుల వివరాలు బోర్డుకు పంపుతాయి. వైకల్యం వివరం కూడా అప్పుడే వెళ్లాలి. అంటే సర్టిఫికెట్ తొమ్మిదో తరగతి సెలవుల్లోనే చేతిలో ఉండాలి. మనందరం సదరం అని పిలుచుకునే సర్టిఫికెట్ ఇప్పుడు దేశమంతా ఒకటే అయిన యూడీఐడీ కార్డు రూపంలో వస్తోంది. మనవాళ్లకు వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం మలక్‌పేట నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గరే ఉంది. మానసిక ఎదుగుదల సమస్యలకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది.

హెడ్మాస్టర్‌కు దరఖాస్తు నోటితో చెప్పకుండా రాసివ్వండి. ఏ మినహాయింపు కావాలో విడివిడిగా రాయండి. ఒక కాపీ మీద స్కూల్ ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోండి. పరీక్ష రోజు సెంటర్‌లో ఎవరైనా అడ్డు చెబితే అనుమతి కాగితం ఒక్కటే మీ తరఫున మాట్లాడుతుంది.

రెగ్యులర్ స్కూల్ కుదరకపోతే

ఓపెన్ స్కూల్ దారి కూడా ఉంది. తెలంగాణ ఓపెన్ స్కూల్ కార్యాలయం బషీర్‌బాగ్‌లోనే ఉంది. జాతీయ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టు నెమ్మదిగా పూర్తి చేయొచ్చు.

దాచడం వల్ల నష్టం ఎవరికి?

మన ఇళ్లలో ఈ కాగితం తీయించకపోవడానికి పెద్ద కారణం 'లోగ్ క్యా కహేంగే' అన్న భయమే. ఆడపిల్లయితే రిష్తా చెడుతుందని సర్టిఫికెట్ జోలికే పోరు. ఆ అమ్మాయి మాత్రం అదనపు గంట లేకుండా, స్క్రైబ్ లేకుండా ఫెయిలై ఇంట్లో కూర్చుంటుంది. 40 శాతం పైన ఉంటే ప్రభుత్వ కాలేజీ సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. కాగితం లేకపోతే ఆ సీటూ పోతుంది.

మినహాయింపుతో పాసైతే అసలు పాస్ కాదనేవాళ్లు కూడా ఉన్నారు. 2020లో కరోనా వల్ల పరీక్షలు రద్దయి, తెలంగాణలో 5 లక్షల 34 వేల మందికి పైగా పిల్లలు ఇంటర్నల్ మార్కులతోనే పాసయ్యారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు డిగ్రీలు చదివారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల పాస్‌ను ఎవరూ తక్కువగా చూడలేదు. పరిస్థితి కష్టంగా ఉందని అందరికీ పరీక్షే తీసేసినప్పుడు, ఒక పిల్లకు గంట సమయం ఎక్కువిస్తే తప్పేముంది?

మీ ఇంట్లోనో, మొహల్లాలోనో ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది చదివే ఇలాంటి పిల్లలుంటే ఈ వారమే స్కూలుకు వెళ్లి మాట్లాడండి.