కాపురానికి రమ్మనే కోర్టు కాగితం

మా పత్తికొండలో ఎదురింటి అమ్మాయి పుట్టింటికొచ్చి ఏడాదైంది. మొన్న కోర్టు నోటీసు పట్టుకుని వచ్చింది. "కాపురానికి రమ్మని కేసేసినాడక్కా. పోకపోతే పోలీసులొచ్చి పట్టుకుపోతారా?" అంది.

నాకు సినీనటి సరిత కేసు గుర్తొచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లయ్యేనాటికి ఆమెకు 16 ఏళ్లు. వెంటనే ఇద్దరూ విడిపోయారు. కొన్నేళ్లకు భర్త మన కడప సబ్‌కోర్టులోనే, హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద, భార్య కాపురానికి రావాలని కేసు వేశాడు. ఆమె హైకోర్టుకెళ్లింది. ఇష్టం లేని ఆడదాన్ని కాపురానికి బలవంతపెట్టడం రాజ్యాంగవిరుద్ధమని 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. ఆ సంతోషం ఏడాదే. 1984లో వేరే కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఇప్పటికీ ఉంది.

తీర్పు పాటించకపోతే ఆస్తి జప్తు దాకా పోవచ్చు గానీ మనిషిని పట్టుకుపోరు. అసలు మెలిక వేరే. తీర్పొచ్చాక ఏడాదిపాటు కలిసి ఉండకపోతే, అదే విడాకులకు కారణమవుతుంది. మనం కోర్టుకు పోకుంటే మన మాట వినకుండానే తీర్పొస్తుంది.

రాకపోతే భరణం కూడా రాదని బెదిరిస్తారు. దూరంగా ఉండటానికి తగిన కారణం ఉంటే, ఆ తీర్పు ఒక్కటే భరణానికి అడ్డు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ పిల్లకు ఒకటే చెప్పినా: "కాగితం బీరువాలో దాచొద్దు. వాయిదా తేదీ చూసుకో. ఫీజుకు డబ్బుల్లేకపోతే కోర్టులో న్యాయసేవా కమిటీని అడుగు, ఆడోళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు."