ఒత్తిడి: ఒక మాట వెనుకటి కథ

ప్రయోగశాలలో ఒక ఉక్కుతీగను పైనుంచి వ్రేలాడదీసి, క్రింది కొసకు బరువులు తగిలిస్తూ పోతే తీగ సాగుతుంది. ప్రమాణ వైశాల్యముపై పనిచేసే బలమును ప్రతిబలమనీ, దాని వలన తీగ ఆకారములో కలిగే మార్పును వికృతి అనీ చెప్పుకొంటాము. ఇంగ్లీషులో మొదటిది స్ట్రెస్, రెండవది స్ట్రెయిన్. ఈ రెంటినీ తారుమారు చేసిన విద్యార్థికి మార్కు తగ్గిస్తాము. అదే పొరపాటు చేసిన ఒక శాస్త్రజ్ఞుని మాట నేడు లోకమంతా వాడుతున్నది. ఆ కథ కంటె ముందు ఒక పిల్లి కథ ఉన్నది.

ఎక్స్ కిరణములు బయటపడిన మరుసటి సంవత్సరము, అనగా 1896లో, హార్వర్డు వైద్య కళాశాల విద్యార్థి వాల్టర్ కానన్ వాటితో జీర్ణక్రియను పరిశీలింప బూనుకొన్నాడు. బిస్మత్ కలిపిన ఆహారమును పిల్లికి పెడితే, తెరమీద జీర్ణకోశము అలలు అలలుగా కదలటము కనిపించేది. ఐతే పిల్లి బెదిరి పెనుగులాడిన మరుక్షణమే ఆ కదలిక ఆగిపోయేది. నిమిరి శాంతపరచగా మరల మొదలయ్యేది. భయమునకూ కడుపునకూ ఉన్న సంబంధము కంటికి కనిపించిన ఘడియ అది.

కానన్ దీనిని విడిచిపెట్టలేదు. కుక్క మొరుగుడుకు బెదిరిన పిల్లి రక్తములో, మూత్రపిండముల పైనుండే అధివృక్క గ్రంథుల స్రావము హెచ్చుతున్నదని 1911లో చూపినాడు. ఈ ఎడ్రినలిన్ వలన గుండె వేగము పెరుగుతుంది; కాలేయము నుంచి చక్కెర రక్తములోనికి వస్తుంది; రక్తము ప్రేవులను విడిచి కండరములకు మళ్లుతుంది. పోరాడుటకో పారిపోవుటకో శరీరము సిద్ధమైనదన్న మాట.

మరి మనుష్యుల సంగతి? 1913లో ఫుట్‌బాల్ ఋతువు చివరి పోటీ ముగియగానే హార్వర్డు జట్టులోని 25 మంది మూత్రమును కానన్, ఫిస్కే అనువారు పరీక్షించగా 12 మందిలో చక్కెర కనిపించినది. (తరువాతి కాలమున మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారితో కలిసి, భాస్వరమును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించిన ఫిస్కే ఇతడే.) ఆ పన్నెండుగురిలో అయిదుగురు అసలు ఆటలోనికి దిగనేలేదు! పిలుపు వస్తుందేమోనని గట్టున కూర్చున్న అదనపు ఆటగాండ్రు వారు. అట్లే, కఠినమైన పరీక్ష వ్రాసి వచ్చిన తొమ్మిదిమంది వైద్య విద్యార్థులలో నలుగురికి చక్కెర పడినది. సులువైన పరీక్ష తరువాత ఒక్కనికే.

ఇక మాటను తారుమారు చేసినవాని కథ. వియన్నాలో పుట్టి ప్రాగ్‌లో వైద్యము చదివిన హాన్స్ సెల్యే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున కొత్త హార్మోనును వెదకుతూ ఎలుకలకు గ్రంథుల సారమును ఎక్కించేవాడు. అధివృక్క గ్రంథులు ఉబ్బినవి, థైమస్ కుంచించుకొన్నది, జీర్ణకోశములో పుండ్లు లేచినవి. హార్మోను దొరికినదని సంతోషించాడు. కాని ఫార్మలిన్ ఎక్కించినా అవే మూడు మార్పులు! చలిలో ఉంచినా అంతే. మరొకరైతే పని మానుకొని ఉందురు. సెల్యేకు ప్రాగ్‌లో చూచిన రోగులు జ్ఞాపకము వచ్చినారు: జబ్బులు వేరైనా అందరి వాలకమూ ఒకటే. ఏ బాధకైనా శరీరము ఇచ్చే జవాబులో ఒక ఉమ్మడి భాగమున్నదని 1936లో ‘నేచర్’ పత్రికకు చిన్న లేఖ వ్రాసినాడు. మొదట హెచ్చరిక, తరువాత ప్రతిఘటన, చివరకు అలసట అని మూడు దశలు చెప్పినాడు.

‘స్ట్రెస్’ అన్న మాట ఆ లేఖలో లేదు, తరువాత తెచ్చుకొన్నాడు. శరీరములో కలిగే మార్పును చెప్పదలచినందున తాను ‘స్ట్రెయిన్’ అనవలసినదని, అప్పటికి తనకు ఇంగ్లీషు చాలలేదని, వృద్ధాప్యమున ఒప్పుకొన్నాడు. మన ‘ఒత్తిడి’ కూడా బయటినుంచి నొక్కే బలమునే తోపింపజేస్తుంది. తప్పు మనకూ సంక్రమించినది.

మూడవ దశను మాత్రము తేలికగా తీసుకొనరాదు. వారముల తరబడి నిద్రపట్టక, తిండి సహించక, స్నేహితులకు దూరమైన విద్యార్థిని ‘ధైర్యముగా ఉండు’ అని పంపివేస్తే చాలదు. ఇంటివారికి చెప్పి వైద్యుని వద్దకు చేర్చవలెను. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ కేంద్రమునకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

బాధ ఏదైనా జవాబు ఒకటేనన్న సెల్యే మాటను 1970 ప్రాంతమున జాన్ మేసన్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ప్రశ్నించినాడు. ప్రక్క కోతులు తింటూ ఉండగా ఒక కోతిని పస్తు ఉంచితే దాని అధివృక్క హార్మోను పెరిగినది. వేరుగా ఉంచి, పోషకము లేని రుచిగల ఉండలు ఇస్తే పస్తు పస్తే అయినా హార్మోను పెరగలేదు. కోతిని కలతపెట్టినది ఆకలి కాదు, తనకు పెట్టరన్న దిగులు.

అదే కాలమున జే వైస్ రెండు ఎలుకలకు సరిసమానమైన విద్యుత్ షాకులు ఇచ్చినాడు. ఒకటి చక్రము త్రిప్పితే రెంటికీ షాకు ఆగుతుంది. రెండవదాని చేతిలో ఏమీ లేదు. ఈ రెండవదానికే ఎక్కువ పుండ్లు. షాకుకు ముందు గంట వినిపిస్తే పుండ్లు తగ్గినవి. (మనుష్యుల కడుపుపుండ్లకు తరచు కారణము ఒక బాక్టీరియా అని 1980ల తరువాత తేలినది, ఎలుకల పుండ్లను మన పుండ్లుగా చదువుకొనరాదు.)

వైస్ ప్రయోగము చదివిన నాటినుంచి నేను క్లాసులో చెప్పకుండా పరీక్ష పెట్టటము మానుకొన్నాను. తేదీ, పాఠము వారము ముందే నల్లబల్ల మూలను వ్రాస్తున్నాను; రెండు తేదీలలో ఏది కావలెనో పిల్లలే ఎంచుకొంటారు. మార్కులు పెరిగినవని చెప్పలేను. పరీక్షనాటి ఉదయము ‘కడుపునొప్పి’ అని వచ్చే సెలవు చీటీలు మాత్రము తగ్గినవి.