బొగ్గు, డీజిల్ పొగ – సాగర్ ఎడమ కాలువ కింద వరి రైతు తీసుకోవలసిన జాగ్రత్తలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత రైతులు ఒకే ఏడాదిలో రెండు దెబ్బలు తిన్నారు. 2023-24 యాసంగిలో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాలువ కింద సాగుకు నీరు ఇవ్వలేదు. ఆ తరువాత వానాకాలంలో, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు కోదాడ నీట మునిగింది. నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడి వరి పొలాల్లో ఇసుక మేట వేసింది.

ఎందుకు ఇలా జరుగుతోంది?

బొగ్గు, డీజిల్, పెట్రోల్ మండితే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లీటరు డీజిల్ కాలితే వచ్చేది సుమారు 2.7 కిలోలు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు బొగ్గుతో నడిచేవే. ఈ వాయువు ఇక్కడిది ఇక్కడే ఉండదు. ప్రపంచంలోని పొగ అంతా కలిసి భూమిని ఇప్పటికే 1 డిగ్రీకి పైగా వేడెక్కించింది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. అందుకే కురిస్తే ఒక్కసారిగా కురుస్తుంది, లేకపోతే రోజుల తరబడి మొహం చాటేస్తుంది. ఫలానా వాన దీనివల్లే వచ్చిందని చెప్పలేం కానీ, ఇలాంటి వానలు పెరుగుతున్నాయి.

ఈ వేడికి పెద్ద కారణం చిన్న రైతు కాదు. అయితే ఎప్పుడూ నీరు నిలిచే వరి మడి నుంచి మీథేన్ వాయువు వస్తుంది. యూరియా తయారీకి సహజ వాయువు కావాలి. వీటిని తగ్గిస్తే ముందుగా మిగిలేది మీ నీళ్లు, మీ డబ్బు.

మీరు చేయగల పనులు

1. తడి-పొడి పద్ధతి: అడుగున్నర పొడవు పైపు అవసరం లేదు, 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు చాలు. కింది సగానికి రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మడిలో దించి, లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తరువాత, పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెంటీమీటర్ల నీరు పెట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మాత్రం నీరు తగ్గనివ్వకండి. నీరు 30 శాతం వరకు ఆదా అవుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది. కలుపు ఎక్కువగా ఉంటే మరో రెండు మూడు వారాలు ఆగి మొదలుపెట్టండి. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు.

2. గడ్డి కాల్చవద్దు: కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు వాడండి. లేదా ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, దమ్ముకు కనీసం రెండు మూడు వారాల ముందే కలియదున్నండి.

3. యూరియా దఫాలుగా: ఒకేసారి గుమ్మరించకుండా నాటేటప్పుడు, పిలక దశలో, అంకురం దశలో వేయండి. నిండా నీరున్న మడిలో చల్లకండి. వానాకాలం ముందు జీలుగ వేసి దున్నితే యూరియా కొంత తగ్గించవచ్చు.

4. యాసంగి ఆలస్యం చేయవద్దు: పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది. 120 రోజుల రకాలు ఎంచుకుని, ముందుగా నాటండి. సాగర్ నీటి విడుదల ప్రకటన చూశాకే నారు పోయండి. నీరు అనుమానమైతే మినుము, పెసర, నువ్వు వంటి ఆరుతడి పంటలు మేలు.

5. వరద ముంచితే: ముందు మురుగు కాలువలు తీసి నీరు బయటికి పంపండి. పిలక దశలో ఉన్న పైరు తేరుకోవడానికి ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయండి. ఇసుక మేట వేసిన పొలాన్ని ఫొటోలు తీసి, వెంటనే వ్యవసాయ విస్తరణ అధికారికి తెలియజేయండి.

మొదటి సారి తడి-పొడి పద్ధతి చేసేవారు అరెకరంలో చేసి చూడండి. సందేహాలుంటే గడ్డిపల్లి లేదా కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. వాన మన చేతిలో లేదు, మడిలో నీరు ఎంత ఉండాలన్నది మన చేతిలోనే ఉంది.