పైన గుడి లేని కొండదారి

కొలంబియా నది కాస్కేడ్ పర్వతాలను కోసుకుంటూ పోయే లోయను ఇక్కడ అందరూ గార్జ్ అంటారు. ఇటు ఒడ్డు ఒరెగన్, అటు ఒడ్డు వాషింగ్టన్. ఎండ కాసిన శనివారం వస్తే పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్‌ల తెలుగు కుటుంబాలు సగం అక్కడే కనిపిస్తాయి. సంచిలో పులిహోర డబ్బా, వానకి ఓ జాకెట్టు, పిల్లలకి చిప్స్ ప్యాకెట్లు. పొద్దున్నే వెళ్లి, వాగు వెంట నాలుగైదు మైళ్లు కొండెక్కి, జలపాతం చూసి, చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. చూస్తే ఈ అలవాటు ఆ కొండలంత పాతదేమో అనిపిస్తుంది. కాదు. అది కారు వెనకాల వచ్చింది. ఈ లోయలో నడవక తప్పని రోజులు పోయాకే జనం సరదాకి నడవడం మొదలుపెట్టారు.

అంతకుముందు ఇక్కడ నడకంటే మోతే. సుమారు 1450 ప్రాంతంలో వాషింగ్టన్ వైపు కొండ ఒకటి విరిగి నదికి అడ్డంగా పడింది. నది కొంతకాలం ఆగి, ఆ కట్టను తెంచుకుని, మిగిలిన బండల మీదుగా సుడులు తిరుగుతూ పారింది. ఆ సుడుల పేరు కాస్కేడ్స్. పర్వతాలన్నిటికీ ఆ పేరే పడింది. నది మీద ఒకప్పుడు దేవతల వంతెన ఉండేదనీ, పాటో, వైఈస్ట్ అనే అన్నదమ్ములు లూవిట్ అనే అందగత్తె కోసం నిప్పులూ రాళ్లూ విసురుకుంటే అది కూలిందనీ ఇక్కడి ఆదివాసీలు చెప్పుకునే కథ. ఆ ముగ్గురూ ఇప్పటి ఆడమ్స్, హుడ్, సెయింట్ హెలెన్స్ శిఖరాలు, ముగ్గురూ అగ్నిపర్వతాలే. ఇది వట్టి పుక్కిటి పురాణమనేవాళ్లకి 1980 మే 18 గుర్తు చేస్తే చాలు. ఆ రోజు లూవిట్ ఒక పక్క మొత్తం ఊడి పేలింది; 57 మంది పోయారు.

కాస్కేడ్స్ దగ్గర పడవ సాగదు. సరుకు దించాలి, భుజాన వేసుకోవాలి, ఒడ్డున రాళ్లలో నడవాలి. అక్కడ కాపురమున్న వాట్లాలాలు ఆ దారికి యజమానులు. దాటేవాళ్ల దగ్గర సుంకం పుచ్చుకునేవారు. 1805లో అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల బృందం కూడా ఇక్కడ మూటలు మోసుకునే దాటింది. తర్వాత ఒరెగన్‌కి వలస వచ్చిన బళ్లవాళ్లకి ఈ లోయంటే హడలు. 1846లో హుడ్ పర్వతం దక్షిణంగా బార్లో రోడ్డు తెరిస్తే, బండికి 5 డాలర్లు సుంకం కట్టి మరీ చుట్టు తిరిగి వెళ్లారు. 1855 ఒప్పందంతో లోయలోని తెగల్లో చాలామందిని వార్మ్ స్ప్రింగ్స్ రిజర్వేషన్‌కి పంపేశారు. 1862లో కాస్కేడ్స్ పక్కన ఒరెగన్ పోనీ అనే బుల్లి ఆవిరి ఇంజను తిరిగింది. మోత దాని పాలయింది. 1896లో లాకుల కాలువ, 1938లో బానవిల్ డ్యామ్ జలాశయం. ఆ నీళ్లలో సుడులూ లాకులూ రెండూ మునిగిపోయాయి.

పై కొండల మీద దారులు లేకపోలేదు. వేసవి చివర హకిల్‌బెరీ పళ్లు కోసుకోవడానికి కుటుంబాలకు కుటుంబాలు ఆడమ్స్ పర్వతం వైపు ఎక్కేవి. 1932లో యాకమా తెగ పెద్ద విలియం యాలప్, ఫారెస్ట్ సర్వీస్ అధికారి ఒకరు చేతులు కలిపి, ఆ పొదల్లో ఒక భాగం ఆదివాసీలకే అని మాట ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ నడకకి పళ్లున్నాయి, చలికాలానికి తిండి ఉంది. ఏమీ తేవడానికి కాకుండా కొండెక్కినవాళ్లు మటుకు కొత్తవాళ్లే. 1894 జులైలో హుడ్ శిఖరం మీదే మజామాస్ అనే పర్వతారోహకుల సంఘం పుట్టింది. అప్పట్లో శిఖరం ఎక్కినవాళ్లకే సభ్యత్వం. మామూలు సంసారులకి అందులో చోటు ఉండేది కాదు.

సంసారుల్ని తీసుకొచ్చింది రోడ్డు. శామ్ హిల్ అనే ధనికుడి పట్టుదల, శామ్యూల్ లాంకస్టర్ అనే ఇంజినీరు చెయ్యి కలిసి 1913లో కొలంబియా రివర్ హైవే మొదలైంది. 1916 జూన్ 7న ప్రారంభోత్సవం. లాంకస్టర్ రోడ్డును తిన్నగా వేయలేదు. ప్రతి జలపాతం దగ్గరా ఒకసారి ఆగి చూసేట్టు వంకలు తిప్పాడు. రోడ్డు వారన గోడలు ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీల పని. మా పెదనాన్న కాతేరు క్వారీలో రాళ్లు కొట్టించిన మనిషి. సున్నం చుక్క లేకుండా రాయికి రాయి ఒరుసుకుని నూరేళ్లు నిలబడ్డ ఈ గోడలు చూస్తే ఆ ఇంజినీరు పేరు కూడా అడిగేవాడు కాదు, మేస్త్రీ ఎవరని అడిగేవాడు.

కాతేరు ఎందుకు గుర్తొచ్చిందంటే, రాయి ఒకటే. రాజమండ్రి పక్కన మా ఊరి నల్లరాయి దక్కన్ లావా. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పడమట ఎక్కడో ఉబికిన లావా, ఆనాటి నదుల లోయలు పట్టుకుని వందల కిలోమీటర్లు ప్రవహించి గోదావరి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల మాట. ఇక్కడా అదే జరిగింది, బాగా ఆలస్యంగా. సుమారు కోటీ అరవై లక్షల ఏళ్ల కిందట తూర్పున నేల చీలికల్లోంచి పొంగిన లావాలో కొన్ని ప్రవాహాలు పాత కొలంబియా లోయ వెంట పసిఫిక్ దాకా వెళ్లాయి. మల్ట్‌నోమా జలపాతం వెనక గోడలో ఆ పొరలు ఒకదాని మీద ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి. పొరలన్నీ దక్షిణానికి వాలి ఉన్నాయి. కింద మెత్తని పాత అగ్నిపర్వత మట్టి ఉంది. అందుకే వాషింగ్టన్ వైపు కొండలు నదిలోకి జారతాయి, ఒరెగన్ వైపు నిట్టనిలువుగా నిలబడతాయి.

ఆ నిలువు గోడల్ని ఇంకా చెక్కింది నీళ్లు. మంచుయుగం చివర్లో ఐడహోలో మంచుకట్ట పదేపదే తెగి మహా వరదలు ఈ లోయలో పడ్డాయి. ఇప్పటి పోర్ట్‌లాండ్ ఉన్న చోట నీళ్లు సుమారు 400 అడుగుల ఎత్తున నిలిచాయి. లోయ వెడల్పయింది, పక్క వాగులు గాల్లో వేలాడుతూ మిగిలాయి. అవే ఈ జలపాతాలు. జె హార్లెన్ బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ సంగతి 1923లో చెబితే పెద్దలు దశాబ్దాల పాటు ఎగతాళి చేశారు. 1979లో పెన్‌రోజ్ పతకం ఇచ్చేనాటికి ఆయనకి తొంభై దాటి చాలా కాలమైంది. బతికుండబట్టి సరిపోయింది.

మల్ట్‌నోమా 620 అడుగులు. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు మధ్యలో ఉన్న వంతెన దాకా ఎక్కించాను. ఆయాసం తీరాక ఆవిడ అడిగింది: “పైన ఏ దేవుడమ్మా?”

“దేవుడెవరూ లేరండీ అత్తయ్యగారూ.”

“మరీ వంతెనా దారీ ఎవరు కట్టించారు? ఏమని మొక్కుకున్నారు?”

ఆవిడ అడిగిందాంట్లో న్యాయముంది. మన దగ్గర కొండకి దారి వేయడం పుణ్యకార్యం. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ఘనత ప్రోలయ వేమారెడ్డిది. ఇక్కడ కట్టించినవాడు సైమన్ బెన్సన్, నార్వే నుంచి వచ్చి కలప వ్యాపారంలో కోట్లు గడించినవాడు. 1914లో వంతెన లేచింది, 1915లో ఈ జలపాతం ఉన్న భూమిని పోర్ట్‌లాండ్ నగరానికి రాసిచ్చాడు. అంతకుముందు 1912లో, కూలీలు సారా కొట్ల వైపు పోకుండా నగరంలో మంచినీళ్ల కుళాయిలకీ డబ్బిచ్చాడు. అవి ఇప్పటికీ పారుతున్నాయి. ఇదంతా చెబితే అత్తయ్యగారు, “చలివేంద్రాలు కూడా పెట్టించాడా? చెట్లు కొట్టిన పాపం పోవాలని చేసుంటాడులే” అని తేల్చేసింది. బెన్సన్ గురించి ఇంతకంటే దగ్గరి మాట నేనెక్కడా చదవలేదు.

రోడ్డు రాగానే ఫారెస్ట్ సర్వీస్ మేలుకుంది. అప్పటిదాకా దానికి దారులంటే మంటలార్పే మనుషులూ గాడిదలూ పోవడానికి. 1915లో లోయ పక్కన సుమారు 14,000 ఎకరాలు విహారం కోసం కేటాయించి, 1916లో ఈగిల్ క్రీక్ దగ్గర కారుల్లో వచ్చేవాళ్లు బస చేయడానికి క్యాంప్‌గ్రౌండ్ తెరిచారు. ఆ శాఖ కట్టిన మొట్టమొదటిది అదే అంటారు. దాంతో పాటు వాగు వెంట నడకదారి. వాగు అడుగున దారికి చోటు లేదు. కొండ పైనుంచి వేస్తే నీళ్లు కనపడవు. అందుకని నల్లరాతి గోడ నడుమ మందు పెట్టి పేల్చి మనిషి పట్టేటంత అరుగు తొలిచారు. వేలాడేచోట పట్టుకోవడానికి గోడకి ఇనుప తాడు బిగించారు. రెండు మైళ్ల దగ్గర పంచ్‌బౌల్ జలపాతం. ఆ పైన హై బ్రిడ్జ్, కింద 120 అడుగుల లోతులో సన్నటి చీలికలో వాగు. ఆరో మైలు దగ్గర టనెల్ ఫాల్స్: దారి జలపాతాన్ని చుట్టిపోదు, దాని వెనక రాతిని సొరంగం తొలుచుకుని అవతల తేలుతుంది. ఇంత కష్టపడి తొలిచిన దారి ఎక్కడా నిటారుగా ఉండదు, ఊళ్లోవాళ్ల మోకాళ్లని లెక్కలో పెట్టుకుని వేసినట్టు తెలిసిపోతుంది. ఆ తాడు పట్టుకుని నడుస్తూ సెల్ఫీ తీసుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

2017 సెప్టెంబర్ 2న ఆ దారిలోనే ఒక పదిహేనేళ్ల కుర్రాడు లోయలోకి టపాకాయ విసిరాడు. ఎండాకాలం, ఎండిన అడవి. వెనక్కి వచ్చే దారి మూసుకుపోయి సుమారు 150 మంది ఆ రాత్రి కొండ మీదే గడిపి, మర్నాడు అవతలి పక్క వాటమ్ సరస్సు మీదుగా బయటపడ్డారు. పొద్దున వచ్చి సాయంత్రం పోదామనుకున్నవాళ్లకి కంబళ్లెక్కడివి? నిప్పురవ్వలు నది దాటి వాషింగ్టన్‌లో కూడా రాజుకున్నాయి. దాదాపు 48,000 ఎకరాలు కాలాయి. మల్ట్‌నోమా దగ్గరి 1925 నాటి రాతి లాడ్జిని ఫైర్‌వాళ్లు రాత్రంతా నీళ్లు కొట్టి కాపాడారు. కోర్టు కుర్రాడికి 3.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం వేసింది. తీర్చలేడని జడ్జికీ తెలుసు. ఈగిల్ క్రీక్ దారి మూడేళ్లకు పైగా మూతపడింది. చెట్ల వేళ్లు కాలిపోయాక ఆ గోడల మీద మట్టి నిలవదు, ఇప్పటికీ పెద్ద వాన పడితే ఎక్కడో ఒకచోట చరియ జారుతుంది.

లాంకస్టర్ వంకల రోడ్డు ఏమైందంటే, నది వారన కొత్త ఫ్రీవే వచ్చాక చాలా ముక్కలు పాడుబడ్డాయి. మోజియర్ దగ్గరి జంట సొరంగాల్ని రాళ్లతో పూడ్చేశారు. అయిదు కిటికీల మిచెల్ పాయింట్ సొరంగాన్ని 1966లో పేల్చేశారు. ఇప్పుడు ఆ ముక్కల్ని ఒక్కొక్కటే అతికి నడకదారి చేస్తున్నారు: మోజియర్ సొరంగాలు 2000లో తెరిచారు, మిచెల్ పాయింట్‌లో మళ్లీ కిటికీలు పెట్టి కొత్త సొరంగం తొలిచి 2025లో వదిలారు. నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. కార్లని రానివ్వరు, వాటిని ఎక్కడ ఆపుకోవాలన్నదే శనివారం పొద్దున అందరి గొడవ.